ఇంటి సర్వర్‌కు పొట్టి రాక్ కేసు ఎంచుకోవడం: తిరుపతి ఇళ్లకు, మన ఎండలకు సరిపోయేలా

ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకుందామని రాక్ కేసు (రాక్ అనే ఇనుప చట్రంలో బిగించే కంప్యూటర్ పెట్టె) కొనేవాళ్లు ముందు అడిగేది ‘ఎన్ని యూ?’ అని, అంటే ఎత్తెంత అని. డేటా సెంటర్లో రాక్ అద్దె ఎత్తును బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ ప్రశ్న సరైనదే. మనం పెట్టేది గోడకు బిగించిన సీసీటీవీ రాక్‌లోనో, మెట్ల కింద గూట్లోనో. అక్కడ ఎత్తు ఎలాగోలా సర్దుకుంటుంది, లోతు సర్దుకోదు. కేసు నాలుగు అంగుళాలు ఎక్కువ లోతుంటే రాక్ తలుపు పడదు, వెనక వైరు వంగదు, చివరికి ఆ కేసు మంచం కిందకు చేరుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కాంపాక్ట్ అంటే ముందు లోతు తక్కువ అని అర్థం. ఎత్తు సంగతి తర్వాత చూద్దాం.

మొదటి అడుగు: లోపల ఏముండాలో రాసుకోండి

కేసు బొమ్మలు చూడకముందే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: ఏ సైజు మదర్‌బోర్డు, ఎన్ని 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌లు, అదనంగా కార్డులేమైనా పెడతారా, ఏ పవర్ సప్లై. రెండేళ్లలో డిస్క్‌లు పెరిగే అవకాశం ఉంటే ఆ సంఖ్య కూడా ఇప్పుడే రాయండి. ఇంటి సర్వర్‌లో ప్రాసెసర్ కంటే ముందు చాలకుండా పోయేది స్టోరేజీ. పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, నాలుగు కెమెరాల రికార్డింగు చేరితే రెండు డిస్క్‌లు నాలుగు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

బోర్డు సైజుల్లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. రాక్ కేసులో బోర్డు పోర్టులున్న అంచు వెనక్కి చూస్తుంది. ఏటీఎక్స్‌లో ఆ అంచే 305 మి.మీ. కాబట్టి ముందు నుంచి వెనక్కి కొలిస్తే ఏటీఎక్స్ అయినా మైక్రో ఏటీఎక్స్ అయినా 244 మి.మీ. లోతే తింటాయి. ఏటీఎక్స్ మానేసి మైక్రోకి వచ్చినందువల్ల పక్కన చోటు మిగులుతుంది గానీ లోతు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. మినీ ఐటీఎక్స్‌కు వస్తేనే 74 మి.మీ. మిగులుతుంది. గోడ రాక్‌లో ఆ మూడు అంగుళాలు చాలా విలువైనవి.

రెండో అడుగు: ఇంట్లో చోటు చూసుకోండి

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. పై అంతస్తులో ఉంటే స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వదులుతూ ఉంటుంది. స్లాబు కిందే ఉండే అటక కంటికి కనపడని చోటు కాబట్టి సర్వర్‌కు బాగుంటుందనిపిస్తుంది. కానీ ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు అదే. అక్కడ వద్దు. పడమటి ఎండ తగిలే గోడ కూడా వద్దు. కింది అంతస్తులో మెట్ల కింద, లేదా ఉత్తరం వైపు గదిలో నడుము ఎత్తున పెట్టడం మంచిది.

శబ్దం గురించి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి. ఆరుబయట ట్రాఫిక్ ఉన్నా పర్వాలేదనుకునే పెద్దవాళ్లకు కూడా రాత్రి పదింటి తర్వాత గదిలో సన్నగా కూసే ఫ్యాన్ భరించరానిదవుతుంది. పడకగది గోడకు అవతలి వైపు రాక్ బిగిస్తే హార్డ్ డిస్క్‌ల అదురు గోడలోంచి ఇవతలికి వినిపిస్తుంది.

గోడ ఎంత మందమో కూడా చూడండి. గదుల మధ్య కట్టే నాలుగున్నర అంగుళాల గోడ, బయటి వైపు కట్టే తొమ్మిది అంగుళాల గోడ ఒకటి కావు. రాక్, కేసు, డిస్క్‌లు, నెట్‌వర్క్ స్విచ్ అన్నీ కలిపితే ముప్పై కిలోలు సులభంగా దాటుతుంది. అంత బరువు సన్నగోడకు ప్లాస్టిక్ ప్లగ్గుల మీద వేలాడకూడదు. తొమ్మిది అంగుళాల గోడకు యాంకర్ బోల్టులతో బిగించాలి, లేదా నేలమీద నిలబడే రాక్ తీసుకోవాలి. యూపీఎస్‌ను గోడ రాక్‌లోకి ఎక్కించకండి, కిందే ఉండనివ్వండి.

మూడో అడుగు: లోతు కొలవండి

ఇక్కడ తొందరపడకండి, టేపు తీసుకుని కొలవండి.

19 అంగుళాల రాక్‌కు ఈఐఏ-310 అనే ప్రమాణం ఉంది. ముందు ప్యానెల్ వెడల్పు 482.6 మి.మీ., కేసును బిగించే రెండు నిలువు పట్టాల మధ్య ఖాళీ 450 మి.మీ., ఒక్కో యూ ఎత్తు 44.45 మి.మీ. ఏ దేశపు కేసైనా ఏ కంపెనీ రాక్‌లోనైనా వెడల్పులో, ఎత్తులో సరిపోవడానికి కారణం ఇదే. లోతుకు మాత్రం అలాంటి ఒకే కొలత లేదు. ఎవరికి తోచినంత లోతు వాళ్లు పెడతారు.

గోడ రాక్‌ను 550 మి.మీ. లోతని అమ్మితే అది పెట్టె బయటి కొలత. ముందు పట్టాలు తలుపు నుంచి కొంచెం లోపలికి ఉంటాయి, వెనక రేకు మందం ఉంటుంది. మీకు కావలసింది ముందు పట్టా ముఖం నుంచి వెనక రేకు దాకా ఉన్న ఖాళీ. అందులోంచి వైర్లకు చోటు తీసేయాలి. పవర్ వైరు ప్లగ్గు, దాని వంపు కలిపి సుమారు 70 మి.మీ. తింటాయి, లాన్ కేబుల్‌కు అంతకంటే కొంచెం తక్కువ చాలు. ఉదాహరణకు పట్టా నుంచి వెనక రేకు దాకా 480 మి.మీ. వస్తే, మీరు కొనగలిగే కేసు లోతు 410. అంతకు మించి వద్దు.

ఇప్పుడు అదే లెక్క కేసు లోపలి నుంచి వేద్దాం. ముందు వరుసలో 3.5 అంగుళాల డిస్క్ 147 మి.మీ. పొడవు. దాని వెనక సాటా (డేటా వైరు), పవర్ కనెక్టర్లకు ఓ 40. ఫ్యాన్ గోడ, అంటే అడ్డంగా బిగించిన ఫ్యాన్ల వరుస, 25. తర్వాత బోర్డు. మైక్రో ఏటీఎక్స్ అయితే మొత్తం 456, మినీ ఐటీఎక్స్ అయితే 382. అంటే 410 మి.మీ. చోటులో ముందు డిస్క్‌లు, వెనక బోర్డు పెట్టాలంటే మినీ ఐటీఎక్స్ తప్ప దారి లేదు. 400 మి.మీ. లోపు కేసులో పెద్ద బోర్డు, చాలా డిస్క్‌లు రెండూ పడతాయని ఎవరైనా రాస్తే, డిస్క్‌లు బోర్డు మీదుగా వేలాడుతున్నాయని అర్థం. అది చెడ్డ పద్ధతేం కాదు. కాకపోతే ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు బాగా తగ్గించుకోవాలి, డిస్క్ మార్చాలన్న ప్రతిసారీ పైమూత విప్పాలి.

తలుపు వైపు కూడా ఒక కొలత ఉంది. చాలా రాక్ కేసులకు ముందు రెండు హ్యాండిళ్లు ఉంటాయి. అవి పట్టా ముఖం నుంచి మూడు, నాలుగు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. గోడ రాక్‌లో పట్టాకు, గ్లాసు తలుపుకు మధ్య అంత చోటు లేకపోతే తలుపు మూసుకోదు. కొన్ని కేసులకు హ్యాండిళ్లు విప్పొచ్చు, ముందే కనుక్కోండి.

బోర్డు పోర్టులు వెనక్కి కాకుండా ముందుకు వచ్చేలా చేసిన కేసులు కూడా ఉన్నాయి. గోడ రాక్‌కు అవి చాలా అనువు. వెనక వైర్లకు వదిలే చోటు మిగులుతుంది, లాన్ కేబుల్ స్విచ్ నుంచి నేరుగా ముందుకు వస్తుంది, ఏదైనా మార్చాలంటే రాక్‌ను గోడ నుంచి కదిలించే పనిలేదు. సూపర్‌మైక్రో వాళ్ల 1యూ కేసుల్లో 505 అనేది ఇలాంటిదే. దాని లోతు పది అంగుళాల లోపే.

చివరగా, ఎంచుకున్న కేసు కొలతలకు ఒక అట్టపెట్టె కోసి రాక్‌లో పెట్టి చూడండి. వెనక ఒక పవర్ వైరు కూడా ఆనించి చూడండి. ఈ పని అరగంటలో అయిపోతుంది. ఇంత బరువైన వస్తువును కొరియర్లో వెనక్కి పంపే బాధ తప్పుతుంది.

నాలుగో అడుగు: ఇప్పుడు ఎత్తు

1యూ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందులో పట్టేవి 40 మి.మీ. ఫ్యాన్లు. అంత చిన్న ఫ్యాన్ చాలినంత గాలి తోయాలంటే నిమిషానికి వేల చుట్లు తిరగాలి, ఆ కూతే ఇంట్లో గొడవకు కారణం. కూలర్ 30 మి.మీ. లోపు ఉండాలి. చిన్న కూలర్లలో పేరున్న నాక్చువా ఎన్‌హెచ్-ఎల్9ఐ కూడా 37 మి.మీ. ఎత్తు, 1యూలో పట్టదు. కాబట్టి 1యూ ఒక్క సందర్భంలోనే తీసుకోమంటాను: ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీలు మాత్రమే, హార్డ్ డిస్క్‌లు లేవు అన్నప్పుడు. ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ బోర్డు ఫ్యాన్ లేకుండా, లాప్‌టాప్ తరహా 19 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తుంది. దాన్ని పొట్టి 1యూ కేసులో పెడితే పవర్ సప్లై గొడవే ఉండదు, చప్పుడు కూడా రాదు.

2యూలో 80 మి.మీ. ఫ్యాన్లు పడతాయి, 60 మి.మీ. దాకా కూలర్ పడుతుంది, చిన్న బ్రాకెట్ ఉన్న కార్డులు నిలువుగా కూర్చుంటాయి. రెండు నుంచి నాలుగు డిస్క్‌ల ఇంటి సర్వర్‌కు నా ఓటు దీనికే. పెద్ద కార్డు పెట్టాలంటే మాత్రం రైజర్‌తో (కార్డును అడ్డంగా తిప్పే చిన్న బోర్డుతో) పడుకోబెట్టాలి.

3యూ కేసులు దొరకడం అరుదు, దాని కోసం వెతకొద్దు.

4యూ అంటే 177.8 మి.మీ. ఇందులో 120 మి.మీ. ఫ్యాన్లు, మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై, పెద్ద కార్డులు అన్నీ పడతాయి. లోతు తక్కువ ఉన్న 4యూ దొరికితే, నాలుగు కంటే ఎక్కువ డిస్క్‌లున్నవాళ్లకు మన వాతావరణంలో అంతకంటే మంచిది లేదు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే ఎక్కువ గాలి తోస్తుంది. ఒక్క జాగ్రత్త: టవర్ కూలర్లలో చాలావాటి ఎత్తు 155, 160 మి.మీ. ఉంటుంది. ఎన్నో 4యూ కేసులు 150 దగ్గరే ఆగిపోతాయి. కేసు వివరాల్లో కూలర్ ఎత్తు పరిమితి చూడకుండా కొనకండి.

ఐదో అడుగు: పవర్ సప్లై ఏ ఊళ్లో దొరుకుతుంది?

చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ ప్రశ్న ముఖ్యం. 1యూ, పొట్టి 2యూ కేసుల్లో ఎక్కువగా ఫ్లెక్స్ ఏటీఎక్స్ అనే సన్నని పవర్ సప్లై పడుతుంది: 81.5 మి.మీ. వెడల్పు, 40.5 ఎత్తు, 150 లోతు. కొన్నిట్లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ పడుతుంది: 125 × 63.5 × 100. మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై ఎత్తు 86 మి.మీ. 2యూ మొత్తం ఎత్తే 88.9 కాబట్టి, ఫ్యాన్ పైకి చూసే ఏటీఎక్స్‌కు అందులో గాలి పీల్చుకునే జాగా ఉండదు.

ఆదివారం సాయంత్రం పవర్ సప్లై పోయిందనుకోండి. సోమవారం పొద్దున తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ కంప్యూటర్ షాపుకెళ్లినా ఏటీఎక్స్ దొరుకుతుంది. ఎస్‌ఎఫ్‌ఎక్స్ అయితే చెన్నై, బెంగళూరు నుంచో ఆన్‌లైన్లోనో తెప్పించుకోవాలి. ఫ్లెక్స్ కోసం ఇంకా ఎదురుచూడాలి, దొరికినా దాని 40 మి.మీ. ఫ్యాన్ చప్పుడు భరించాలి. ఇంటి కెమెరాలు, ఆఫీసు ఫైళ్లు ఈ సర్వర్ మీదే నడుస్తుంటే ఈ తేడా చిన్నది కాదు. అందుకే చోటుంటే 4యూ ఏటీఎక్స్, లేకపోతే 2యూ ఎస్‌ఎఫ్‌ఎక్స్, ఏదీ కుదరకపోతేనే ఫ్లెక్స్.

వాట్ల విషయంలో భయపడకండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్ల దాకా లాగుతుంది. నాలుగు డిస్క్‌లు ఒకేసారి లేస్తే వంద వాట్లు. తర్వాత ఒక్కోటి ఆరేడు వాట్లకు దిగుతుంది. మొత్తం సర్వర్ 55 వాట్ల దగ్గర నడిస్తే నెలకు 40 యూనిట్లు. 300 వాట్ల మంచి సప్లై చాలు.

ఆరో అడుగు: డిస్క్‌ల మీదుగా గాలి వెళ్తోందా?

చల్లని ఊళ్లలో రాసిన సలహాలు మనకు సరిపోని చోటు ఇదే. గదిలో 38 డిగ్రీలుంటే, గాలి బాగా ఆడే కేసులో కూడా డిస్క్ దానికంటే ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గాలి ఆడకపోతే పదిహేను దాటుతుంది. డిస్క్ కంపెనీలు 60 డిగ్రీల దాకా పర్వాలేదని రాసినా, ఏళ్ల తరబడి నడవాలంటే 45 దగ్గర ఆపడం మంచిది. కాబట్టి కేసులో ఫ్యాన్లు ఎన్నున్నాయన్నది కాదు, డిస్క్‌ల వెనకే ఫ్యాన్ గోడ ఉందా, ముందు ప్యానెల్‌కు చిల్లులున్నాయా అని చూడండి. డిస్క్‌ల మధ్య కనీసం కొన్ని మిల్లీమీటర్ల సందు ఉండాలి. 26 మి.మీ. మందమున్న డిస్క్‌లను ఒకదానికొకటి ఆనించి పేర్చిన బోనులు మన మే నెలకు పనికిరావు.

ముందు నుంచి లాగి డిస్క్ మార్చే హాట్ స్వాప్ ట్రేలు సౌకర్యమే. కాకపోతే వాటి వెనక ఉండే బ్యాక్‌ప్లేన్ బోర్డు గాలిని కొంత అడ్డుకుంటుంది. ఏడాదికోసారి కూడా డిస్క్ మార్చనివాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇక గ్లాసు తలుపు. మన దగ్గర సీసీటీవీ కోసం అమ్మే గోడ రాక్‌లకు ఎక్కువగా గ్లాసు తలుపే వస్తుంది. డీవీఆర్‌కు, స్విచ్‌కు అది సరిపోతుంది. ముందు నుంచి గాలి లాగే సర్వర్‌కు అది ముక్కు మూసినట్టే. చిల్లుల తలుపు అడగండి, లేదా తలుపు తీసి పక్కన పెట్టండి. దుమ్ము భయం ఉంటే కేసు ముందు విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉండేలా చూసుకోండి. రేణిగుంట రోడ్డు వైపు ఇళ్లలో నెలకోసారి ఫిల్టర్ దులపాల్సి వస్తుంది. వాడని కార్డు స్లాట్ల రేకులు తీసేయకండి. ఆ సందుల్లోంచి బల్లులు, చీమలు వెచ్చదనం కోసం లోపలికి దూరతాయి.

పది అంగుళాల రాక్ సంగతి

ఈ మధ్య సగం వెడల్పు రాక్‌లు చాలామందిని ఆకర్షిస్తున్నాయి. వాటి ప్యానెల్ వెడల్పు 254 మి.మీ. మినీ ఐటీఎక్స్ బోర్డు పడుతుంది గానీ పక్కన మామూలు పవర్ సప్లై పట్టదు, చాలావరకు అడాప్టర్‌తోనే నడపాలి. మినీ పీసీ, చిన్న స్విచ్, రౌటర్ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది అందంగా కుదురుతుంది. హార్డ్ డిస్క్‌లు కావాలనుకునేవాళ్లు 19 అంగుళాల దగ్గరే ఉండండి.

కొనేటప్పుడు

మన దగ్గర షాపుల్లో రాక్‌లు, ట్రేలు, రాక్ స్క్రూలకు వాడే కేజ్ నట్లు దొరుకుతాయి గానీ పొట్టి సర్వర్ కేసులు అరుదు. చెన్నై రిచీ స్ట్రీట్ మనకు దగ్గర. సెంట్రల్‌లో దిగితే ఆటోలో కొద్దిసేపే. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, పనిదినాల్లో వెళ్లండి. చిత్తూరు వైపువాళ్లకు బెంగళూరు ఎస్‌పీ రోడ్డు కూడా అందుబాటే. ఆన్‌లైన్లో సిల్వర్‌స్టోన్ ఆర్‌ఎం సిరీస్ చూడండి. జర్మనీ వాళ్ల ఇంటర్‌టెక్, అమెరికా వాళ్ల స్లైగర్ పొట్టి కేసులకు పేరున్నవే, కానీ దిగుమతి, రవాణా ఖర్చు కలిపి చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

షాపులో అడగాల్సిన మాట ఇది (చెవులంటే కేసును పట్టాకు బిగించే ముందు రెండు అంచులు): “అన్నా, చెవుల వెనక నుంచి లోతెంత? హ్యాండిల్ కలిపి చెప్పొద్దు.” కొన్ని వివరాల పట్టికల్లో హ్యాండిళ్లు కలిపి లోతు రాస్తారు, కొన్నిట్లో కలపరు. టేపు జేబులో పెట్టుకుని వెళ్తే ఆ అనుమానమే ఉండదు. రేకు మందం కూడా చేత్తో చూడండి. పైమూత మధ్యలో వేలితో నొక్కితే డబ్బాలా లోపలికి పోయే కేసు రాత్రిపూట డిస్క్‌లతో పాటు అదురుతుంది. పాత సర్వర్ కేసులు చవగ్గా వస్తాయి, కానీ అవి ఎక్కువగా 650 మి.మీ. పైన లోతుంటాయి, బోర్డు బిగించే రంధ్రాలు కూడా ఆ కంపెనీ బోర్డుకే సరిపోయేలా ఉండొచ్చు.

బిగించేటప్పుడు

ముందు పట్టాకు నాలుగు స్క్రూలు బిగించి వదిలేస్తే కేసు బరువంతా రెండు చెవుల మీద పడుతుంది. కొన్నాళ్లకు చెవులు వంగి వెనక భాగం కిందికి జారుతుంది. గోడ రాక్‌లో కేసు జారే రైల్ పట్టీలు వాడే లోతు ఉండదు కాబట్టి, రెండు పక్కలా ఎల్ ఆకారపు పట్టీలు గానీ కింద ట్రే గానీ వేయండి. సరైన సైజు దొరక్కపోతే రేకు పని చేసే వర్క్‌షాపులో కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. డిస్క్‌లు తీసేసి ఖాళీ కేసును ముందు ఎక్కించండి, తర్వాత డిస్క్‌లు పెట్టండి. ఇద్దరు ఉండాలి.

ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇనుప కేసును ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటే ఆ సాకెట్‌లో ఎర్త్ పనిచేయడం లేదని అర్థం. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్‌కు పోవాలి, దారి లేక కేసు మీద నిలుస్తుంది. మన నేలలో వేసవికి ఎర్త్ గుంట ఎండిపోతుంది, అందుకే ఫిబ్రవరి నుంచి దానికి నీళ్లు పోయడం అలవాటు చేసుకోండి. రాక్‌కు కూడా విడిగా ఎర్త్ వైరు కలపాలి. పెయింటు మీద స్క్రూ బిగిస్తే కరెంటు సరిగా పోదు, అక్కడ కొంచెం గీకి బిగించండి.

సర్వర్ ఆన్ చేశాక మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య డిస్క్‌ల వేడి చూడండి. ఇంటి సర్వర్లలో వాడే ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ సాఫ్ట్‌వేర్లలో ఆ రీడింగ్ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న డిస్క్ మిగతావాటికంటే అయిదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే దాని పక్క డిస్క్ చోటు ఖాళీగా వదలండి, లేదా ఫ్యాన్ వేగం ఒక మెట్టు పెంచండి. చలికాలంలో బిగించినవాళ్లు ఏప్రిల్‌లో మళ్లీ ఒకసారి ఇదే పరీక్ష చేయాలి. డిసెంబరు రీడింగ్ చూసి మే నెల గురించి ఏమీ చెప్పలేం.